నచ్చిందెందుకో రాయమంటే...

తెలుగు పరీక్షలో ఒక ప్రశ్న తరచూ వస్తుంది. ఒక పద్యమో, కావ్యభాగమో ఇచ్చి అది మీకెందుకు నచ్చిందో సొంత మాటల్లో రాయమంటారు. చూడ్డానికి అన్నిటికంటే తేలిక ప్రశ్న. కంఠతా పట్టే పనిలేదు, ప్రతిపదార్థం అక్కర్లేదు. కానీ మా పిల్లల్లో చాలామందికి కలం ఆగిపోయేది అక్కడే. పద్యం నచ్చి తీరాలని ఆ ప్రశ్న ముందే తేల్చేసింది. "మీకు" అన్న మాటలో మేం కూడా ఉన్నామా అన్నది మాత్రం తేల్చలేదు. అందుకని గైడు పుస్తకంలోని జవాబే రాసి మార్కులు తెచ్చుకుంటాం. సొంత స్పందన గుండెల్లోనే ఉండిపోతుంది.

1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' వచ్చింది. 1992 డిసెంబరు 6న బాబ్రీ మసీదును కూల్చారు. 1998లో ముస్లింవాద కవిత్వంగా 'జల్‌జలా' వచ్చింది. అప్పట్నుంచీ తెలుగులో ముస్లింలు రాయడం గురించి చాలా మాట్లాడుకున్నాం. చదవడం గురించి మాట్లాడుకున్నది తక్కువ. రాయడానికి ముందు ప్రతి ముస్లిం రచయితా ఒక విద్యార్థే. ఏదో ఒక బెంచీ మీద కూర్చుని ప్రాచీన పద్యం విన్నవాడే. తనని లెక్కలోకి తీసుకోకుండా రాసిన సాహిత్యాన్ని, కొన్నిచోట్ల తనని శత్రువు స్థానంలో నిలబెట్టి రాసిన సాహిత్యాన్ని ఆ విద్యార్థి నిజాయితీగా చదవడం ఎలా? ఇష్టపడితే తనని తాను పోగొట్టుకున్నట్టా? నొచ్చుకుంటే రసజ్ఞత లేనట్టా? ఇది సాహిత్యానికి సంబంధించినదే అయినా మొదట నీతికి సంబంధించిన ప్రశ్న. తప్పించుకోవడం ఎవరి తరమూ కాదు. మా తరం అసలే కాదు. ఎందుకంటే మేం బందరు, గుడివాడ, దివిసీమ వాళ్లం.

మా ప్రాంతంలో ప్రాచీన సాహిత్యం పుస్తకాల్లో కాక దారిలోనే ఎదురవుతుంది. కళింగ దండయాత్రకు వెళుతూ కృష్ణదేవరాయలు మా శ్రీకాకుళంలో ఆంధ్రమహావిష్ణువు గుడి దగ్గర ఆగాడు. దేవుడు కలలో కనిపించి తెలుగులో కావ్యం రాయమన్నాడని 'ఆముక్తమాల్యద' అవతారికలో ఆయనే చెప్పుకున్నాడు. ఆ ఊరు ఘంటసాల దగ్గర. అక్కణ్నుంచి ఎంతో దూరం పోనక్కర్లేదు, క్షేత్రయ్య మొవ్వ వస్తుంది, సిద్ధేంద్రయోగి కూచిపూడి వస్తుంది. బందరు హిందూ హైస్కూల్లో చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి పాఠం చెప్పాడు. ఆ పాఠం విన్న కుర్రాడు విశ్వనాథ సత్యనారాయణ. ఆ కుర్రాడికే 1970లో జ్ఞానపీఠం వచ్చింది. ఈ ఊళ్లలోనే మా వాళ్లు పరుపులు కుట్టారు, చేపల బుట్టలు మోశారు, రోల్డుగోల్డు నగలకు మెరుగుపెట్టారు, లారీ షెడ్లలో పానాలు పట్టారు, పెడనలో కలంకారీ బట్టకు అచ్చులు అద్దారు. ఆ కావ్యాలూ మేమూ ఒకే కాలవ నీళ్లు తాగాం.

పద్యం మాకు బళ్లో పరిచయం కాలేదు. అంతకు ముందే చెవిన పడింది. శ్రీరామనవమి పందిట్లో మైకు, తిరునాళ్లలో తెల్లవార్లూ ఆడే పద్యనాటకం, తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలు. కృష్ణుడి రాయబారం పద్యాలు ఈ డెల్టాలో చదువురాని రిక్షావాళ్ల నోళ్లలో కూడా నాను. ఆ రిక్షావాళ్లలో మా అబ్బాజాన్‌లు, మామూలు ఉన్నారు. వాళ్లెవరూ ఆ పద్యం పాడుకోవడానికి ఎవరి అనుమతీ అడగలేదు. ఇంట్లో ఉర్దూ మాట్లాడే వాళ్లం కొందరం, దూదేకుల ఇళ్లలో పుట్టుకతోనే తెలుగు మాట్లాడేవాళ్లం కొందరం. రాగం లాగి పద్యం ఎత్తుకుంటే మాత్రం అందరికీ ఒళ్లు ఒకేలా పులకరించేది. స్పందనకు కులమతాల పట్టిక తెలియదు. పట్టిక తర్వాత వస్తుంది, తరగతి గదిలో.

తరగతి గదిలో మాకు మొదట ఎదురయ్యేది తిట్టు కాదు, మెప్పు. పద్యం తప్పులేకుండా చదివిన మా పిల్లవాడి భుజం తట్టి "సాయిబుల అబ్బాయివై ఉండి ఇంత చక్కటి తెలుగా!" అంటారు. అన్నవాళ్లకు మా మీద ప్రేమే. ఆ మాట విన్న పిల్లవాడు నవ్వుతాడు కూడా. ఇంటికి వెళ్లాక ఆలోచిస్తాడు. పక్కబెంచీ వాడు చదివితే తెలుగు బాగుందన్నారు. నేను చదివితే నేను తెలుగు చదవడమే వింతన్నారు. ఏమిటి తేడా? ఆ మెప్పులో ఒక లెక్క దాగి ఉంది. తెలుగు వాడికి సొంత ఆస్తి, నాకు అరువు సొమ్ము. అరువు తెచ్చుకున్నవాడు సొమ్ము బావుందనొచ్చు, లోపం ఉందనడానికి వీల్లేదు. అందుకే మావాళ్లు ప్రాచీన కవిత్వం మీద పొగడ్త తప్ప మరో మాట రాయడానికి జంకుతారు.

నొప్పి కలిగించే చోట్లు ఉన్నాయి మరి. 'ఆముక్తమాల్యద'లోనే రాయల యుద్ధాలను కీర్తించే పద్యాల్లో యవనుడు ఓడిపోయే శత్రువు. ఎన్నో కృతుల్లో, శాసనాల్లో మ్లేచ్ఛ అనే మాట అలవాటుగా దొర్లుతుంది. 1897లో వేదం వెంకటరాయశాస్త్రి 'ప్రతాపరుద్రీయం' వచ్చింది. పాత్రోచిత భాష పేరుతో ఎవరి నోట వాళ్ల మాట పలికించిన నాటకం. అందుకు దానికి గొప్ప పేరు. అందులో తురక పాత్రల మాట విరుపులు విరుపులుగా ఉంటుంది. తరగతిలో ఎవరైనా దాన్ని పైకి చదివారనుకోండి. నవ్వు ముందు బెంచీల్లో పుడుతుంది. ఒక్కొక్క తలా తిరిగి చివరి బెంచీ వైపు చూస్తుంది. పంతులుగారు కూడా చిన్నగా నవ్వుతారు. చివరి బెంచీలో మావాడు ఏం చెయ్యాలి? అందరితోపాటు నవ్వితే తన అమ్మీ మాటను చూసి నవ్వినట్టు. నవ్వకపోతే హాస్యం తెలియని మూర్ఖుడు. ఈ రెండింటి మధ్యా పదిహేనేళ్ల పిల్లవాడి ముఖం ఎలా ఉంటుందో ఏ లక్షణ గ్రంథమూ చెప్పలేదు.

ఇక్కడ కొందరు పెద్దలు మాకు ఊరడింపుగా చరిత్ర తెచ్చి ఇస్తారు. గోల్కొండ ఇబ్రహీం కుతుబ్‌షా తెలుగు కవులను ఆదరించాడు. అద్దంకి గంగాధరకవి 'తపతీ సంవరణోపాఖ్యానం' ఆయనకే అంకితం ఇచ్చాడు. తెలుగువాళ్లు ఆయన్ని మల్కిభరాముడని ప్రేమగా పిలుచుకున్నారు. అచ్చతెలుగులో తొలి కావ్యమని పేరుపడ్డ పొన్నెగంటి తెలగన 'యయాతి చరిత్ర'కు కృతిభర్త పటాన్‌చెరువు అమీన్‌ఖాన్. క్షేత్రయ్య గోల్కొండ పాదుషా కొలువులో పదాలు పాడినట్టు ఆయన పదమే ఒకటి చెబుతుంది. తానీషా కూచిపూడి భాగవతులకు ఆ ఊరినే రాసిచ్చాడని సంప్రదాయం. ఇవన్నీ విలువైన సంగతులే. పాఠ్యపుస్తకాల్లో ఉండాల్సినవే. తెలుగు సాహిత్యం ఒక మతం వాళ్లే కట్టుకున్న ఇల్లనే అబద్ధాన్ని ఇవి పగలగొడతాయి. అయితే వీటిని మా చేతికిచ్చి "చూశారా, మీవాళ్లూ తెలుగుకు సేవ చేశారు" అంటే మాత్రం మేం ఆగి ఆలోచించాలి.

ఎవరు మావాళ్లు? తానీషానే తీసుకుందాం. కూచిపూడికి ఊరిచ్చిన తానీషా, భద్రాచలం గుడికి పన్నుసొమ్ము వాడాడని కంచెర్ల గోపన్నను చెరలో పెట్టించిన తానీషా ఒక్కడే. రామదాసు కథ హరికథగా, సినిమాగా ప్రతి తెలుగింటికీ తెలుసు. మా పిల్లలు అడుగుతారు: "మనం ఊరిచ్చిన వాళ్లమా, చెరలో పెట్టినవాళ్లమా?" ఆ తానీషానే 1687లో ఔరంగజేబు ఓడించి దౌలతాబాదు కోటలో బంధించాడు. అక్కడే పోయాడాయన. చెర వేసినవాడూ చెరలోకి పోయినవాడూ ఇద్దరూ ఆయనే. బంధించిందీ ముస్లిం పాదుషానే. ఈ కథలో మతాన్ని బట్టి మన మనిషిని వెతుక్కోవాలంటే ఎవరు దొరుకుతారు? రాయల సంగతీ అంతే. యవనుల మీద గెలుపును పాడించుకున్న ఆ రాజే 'యవనరాజ్య స్థాపనాచార్య' అన్న బిరుదు కూడా పెట్టుకున్నాడు. రాజులు రాజులకు చుట్టాలు. బందరు చేపల మార్కెట్లో గంప మోసే ఫాతిమా చాచీకి కుతుబ్‌షా చుట్టం కాడు, ఆవిడ పక్కనే కూర్చునే పల్లెకారుల ఆవిడ చుట్టం. కాబట్టి సుల్తాన్లు ఇచ్చిన అగ్రహారాల రసీదులు చూపించి తెలుగులో చోటు అడగడం మాకు ఇష్టం లేదు. ఏ సుల్తానూ ఒక్క కవికి ఒక్క వరహా ఇవ్వకపోయినా సరే, చదివినవాడికి పద్యం మీద హక్కుంది.

రాజుని వదిలి మనిషిని వెతుక్కోవడం ఎలాగో మాకు జాషువా నేర్పాడు. విశ్వనాథ పుట్టిన 1895లోనే వినుకొండలో ఆయనా పుట్టాడు. అంటరానితనం పేరుతో బళ్లోనూ సభల్లోనూ అవమానాలు పడ్డాడు. 1932లో ఆయన రాసిన కావ్యం పేరు 'ఫిరదౌసి'. వందల ఏళ్ల కిందటి పారశీక కవి కథ. షానామా రాస్తే పద్యానికొక బంగారు నాణెం ఇస్తానన్న గజనీ మహమ్మదు చివరికి వెండి ఇచ్చాడు. కవి గుండె పగిలింది. బంగారం వచ్చేసరికి కవి శవం గుమ్మం దాటుతోంది. ఇందులో రాజూ ముస్లిమే, కవీ ముస్లిమే. జాషువా మతాన్ని చూడలేదు. మాటిచ్చి తప్పిన ప్రభువును, మోసపోయిన పనివాణ్ని చూశాడు. తన ఊళ్లో తను తిన్న దెబ్బ ఆయనకు పర్షియాలో కనిపించింది. సొంత స్పందన అంటే ఇది. ఎదుటివాడి పుస్తకంలోకి మన గాయం తలుపు తీస్తుంది. మా పిల్లవాడు 'ఫిరదౌసి' చదివి గజనీ మహమ్మదు పక్షాన రోషపడనక్కర్లేదు, తల దించుకోనూ అక్కర్లేదు. కవి పక్షాన నిలబడితే చాలు. అలాగే రామదాసు చదువుతూ చెరలో ఉన్నవాడి పక్షాన నిలబడొచ్చు. అందువల్ల అతని ఈమాన్‌కు ఏ లోటూ రాదు.

ఈ తలుపు మా ప్రాంతంలో ఎన్ని రకాలుగా తెరుచుకుందో చెప్పాలి. శ్రీనాథుడు చివరి రోజుల్లో కృష్ణ ఒడ్డున బొడ్డుపల్లిని గుత్తకు తీసుకుని దెబ్బతిన్నాడని ఒక చాటువు ప్రచారంలో ఉంది. పంటను నది మింగింది. కట్టాల్సిన సొమ్ము కట్టలేక కవిసార్వభౌముడు అధికారుల చేత శిక్షలు పడ్డాడు. అలంకారాలు అడిగే పరీక్షలో ఇది కరుణరసం, రెండు మార్కులు. దివిసీమ కౌలు కుటుంబం నుంచి వచ్చిన మావాడికి ఇది వేరేగా వినిపిస్తుంది. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చి దివిసీమను ముంచేసింది. పదివేల మందికి పైగా పోయారు. పొలాల్లో ఉప్పునీరు నిలిచింది. శవాలను గుర్తుపట్టే వీలు లేక ఎవరికి జనాజా చదవాలో, ఎవరికి చితి పేర్చాలో తెలియక కలిపి పూడ్చిన చోట్లున్నాయి. ఆ సంవత్సరం గురించి ఇంట్లో వింటూ పెరిగిన పిల్లవాడికి, పంట పోయినా కౌలు మాత్రం పోదనే సంగతి శ్రీనాథుడు చెప్పాల్సిన పనిలేదు. కానీ అంత పెద్ద కవి కూడా ఈ నీళ్లకే ఓడిపోయాడని తెలిసినప్పుడు వాడికి ఆ కవి తమ వీధివాడైపోతాడు. ఈ జవాబు ఏ గైడులోనూ ఉండదు. రాస్తే మార్కులు వస్తాయో రావో కూడా తెలియదు.

మరొకటి. తిక్కన ద్రోణపర్వంలో అభిమన్యుడి చావు చదివే ముస్లిం పిల్లకు కర్బలా గుర్తొస్తుంది. హిజ్రీ 61 మొహర్రం పదో రోజు, క్రీస్తుశకం 680. ఇమాం హుసేన్ వెంట ఉన్నది గుప్పెడు మంది. పక్కనే యూఫ్రటీసు నది, గుక్కెడు నీళ్లు లేవు. ఆయన అన్న కొడుకు ఖాసిం మీసాలు రాని కుర్రాడు. ఒక్కణ్ని చేసి చుట్టూ మూగి చంపారు. పద్మవ్యూహంలో జరిగిందీ అదే కదా అంటుంది ఆ పిల్ల. పీర్ల పండక్కి మా ఊళ్లలో సవారీలు లేస్తే హిందువుల ఆడవాళ్లు కడవలతో నీళ్లు తెచ్చి పీర్లను మోసేవాళ్ల కాళ్లమీద పోస్తారు. దప్పికతో పోయినవాళ్ల కోసమని వాళ్లకు తెలుసు. వాళ్లు హుసేన్ కోసం ఏడవగా లేనిది, మా పిల్ల అభిమన్యుడి కోసం ఏడిస్తే తప్పేమిటి? రెండు కథలూ ఒకటేనని మేం అనడం లేదు. ఒకటి మాకు చరిత్ర, దీన్‌తో ముడిపడ్డ దుఃఖం. రెండోది కావ్యం. కానీ ఒంటరివాణ్ని మంది కలిసి చంపడం అన్యాయమన్న తెలివి మనిషికి ఒక్కటే ఉంటుంది. అది ఏ భాషలో మేల్కొన్నా మేలుకున్నట్టే.

ఇప్పుడు మా ఇంటి సంగతి కూడా మాట్లాడాలి. బయట మెప్పు అడ్డం వస్తే ఇంట్లో భయం అడ్డం వస్తుంది. "ఆ పురాణాలు మనకెందుకు, పరీక్ష వరకు చదివి వదిలెయ్" అనే పెద్దలున్నారు. పద్యం పాడుకుంటే షిర్క్ అంటుకుంటుందని హెచ్చరించేవాళ్లున్నారు. వాళ్ల భయం ఊరికే పుట్టలేదు. మసీదు కూలిన దేశంలో పిల్లలు చేజారిపోతారేమోనన్న దిగులు అది. గౌరవిస్తాం. కానీ పద్యం మోకరిల్లమని అడగదు, వినమంటుంది. పిఠాపురంలో ఉమర్ ఆలీషా ఉన్నాడు, 1885 నుంచి 1945 దాకా. సూఫీ పీఠానికి గురువు, గట్టి తెలుగు పద్యం రాసిన కవి. ఆయన పద్యం రాయడం వల్ల ఆయన దీన్ తరిగిందని ఎవరనగలరు? పిల్లల చేతుల్లోంచి తెలుగు కావ్యాన్ని మేమే లాగేస్తే, అది మీది కాదని బయటివాళ్లు చెప్పేమాటను మేమే నిజం చేసినట్టవుతుంది.

ఆడపిల్లల విషయంలో ఈ భయం రెట్టింపు. మొవ్వ పక్క ఊళ్లో పుట్టిన మా అమ్మాయి క్షేత్రయ్య పదం మీద రాయగలదా? పంతులుగారు సిగ్గుపడి ఆ పాఠం దాటేస్తారు. ఇంట్లో ఆ పేరే ఎత్తకూడదు. నిజానికి క్షేత్రయ్య నాయిక దాపరికం లేని మనిషి. అలుగుతుంది, నిలదీస్తుంది, వాకిట్లోంచి పొమ్మంటుంది. తన మాట తనే మాట్లాడుతుంది. అదే వేదన ఉర్దూ గజల్లో వస్తే మా ఇళ్లలో రేడియో గొంతు పెంచి వింటారు. తెలుగు పదంలో వస్తే బేషరం అంటారు. ఆ పదం రాసింది మగవాడు, పలికింది ఆడగొంతు. ఇందులో ఆడదాని మాట ఎంత, మగవాడి కోరిక ఎంత అని తేల్చగలిగింది అలాంటి అమ్మాయిలే. వాళ్లను మాట్లాడనివ్వకుండా మతానికీ సాహిత్యానికీ పంచాయితీ మేం మగవాళ్లం కూర్చుని తీర్చడం అన్యాయం.

ఇక సెక్యులర్ మిత్రులతో రెండు మాటలు. మీరు మా పక్షాన నిలబడ్డారు, మరిచిపోం. అయితే మా నుంచి మీరు కూడా ఒక్క రకం జవాబే ఆశిస్తున్నారు. ముస్లిం విద్యార్థి రామాయణం మీద మంచి వ్యాసం రాస్తే పేపర్లో ఫొటో వేస్తారు, మతసామరస్యం అంటారు. అదే విద్యార్థి ఫలానా నాటకంలో మా మాటను ఎగతాళి చేశారని రాస్తే "పాత పుస్తకాన్ని ఆ కాలంలో పెట్టి చూడాలి బాబూ" అంటారు. ఆ కాలంలో పెట్టి చూడాలి, నిజమే. కానీ నవ్వింది ఈ కాలపు తరగతి గదిలో. దెబ్బ తగిలింది ఇప్పటి పిల్లవాడికి. పుస్తకాన్ని క్షమించడం వేరు, దెబ్బ తగల్లేదని చెప్పించడం వేరు. మా ఇష్టాన్ని పండగ చేసి మా నొప్పిని సర్దిచెప్పడం కూడా ఒకరకం గైడు పుస్తకమే.

కొందరు మాలోనే ఇంకో కొసకు వెళతారు. మ్లేచ్ఛ అన్న మాటుంటే ఆ పుస్తకమే వద్దు, పాఠంలోంచి తీసెయ్యండి అంటారు. మేం ఒప్పుకోం. తీసేస్తే ఆ మాట పోదు, దాన్ని అడిగే అవకాశం పోతుంది. 'ప్రతాపరుద్రీయం' తరగతిలో ఉండాలి. అది చదివాక పంతులుగారు ఒక్క ప్రశ్న వెయ్యాలి: ఇక్కడ మీరెందుకు నవ్వారు? ఆ ప్రశ్నకు నిజమైన జవాబు చెప్పుకుంటే ఆ తరగతి నాటకకర్త ప్రతిభను ఇంకా బాగా తెలుసుకుంటుంది, పక్కవాణ్ని కూడా తెలుసుకుంటుంది.

ప్రేమించిన దాన్ని నిలదియ్యడం తప్పని మేం అనుకోం. మా ఇళ్లలో నానీమా చెప్పే కథకు మధ్యలో అడ్డం తగిలి "అదేంటి నానీ, అలా ఎందుకు చేశాడు?" అని అడిగే పిల్లే ఆ కథను ఎక్కువ ప్రేమించిన పిల్ల. ఊకొట్టి నిద్రపోయిన వాడికి కథ గుర్తుండదు. ప్రాచీన కావ్యంతో మా సంబంధం అలాంటిది. తిక్కన దగ్గర కన్నీళ్లు పెట్టుకుంటాం, రాయల వర్ణనలకు ముగ్ధులమవుతాం, అదే రాయల పద్యంలో యవనుడు నేలకూలిన చోట ఆగుతాం. ఆగిన సంగతీ రాస్తాం. మూడూ ఒకే మనిషి స్పందనలు. ఇందులో ఒకటి కొట్టేసి మిగతావి ఉంచమంటే మిగతావీ అబద్ధమవుతాయి.

పంతులుగార్లకు మా విన్నపం ఇదే. ఈసారి ప్రశ్న కొంచెం మార్చి వెయ్యండి. నచ్చిందెందుకో అనకండి, చదివితే మీకేమనిపించిందో రాయమనండి. జవాబులో కర్బలా వచ్చినా, ఉప్పెన వచ్చినా, చివరి బెంచీ వచ్చినా ఎర్రసిరాతో కొట్టెయ్యకండి. మా పిల్లలకు మా మాటా ఒక్కటే. కలం ఆపొద్దు. భుజం తట్టే చెయ్యి కోసం రాయొద్దు, ఇంట్లో గదమాయింపుకు జడిసి మానొద్దు. మీకు తోచింది మీ తెలుగులో రాయండి. పద్యం వెయ్యేళ్లు బతికి వచ్చింది, మీ ప్రశ్నను అది తట్టుకుంటుంది.